బొట్టు పెట్టి పిలిచిన మీటింగు

మొన్న ఆదివారం ఫోన్లో నువ్వొక మాటన్నావు చిన్నీ. నీకు గుర్తుండదులే, పప్పు మాడిపోతోందని హడావుడిలో ఉన్నావు. పెర్త్‌లో కొత్త ఇల్లు ఎలా ఉందే అనడిగితే, "యూనిట్ బానే ఉంది నాయనమ్మా, స్ట్రాటా డబ్బులే ఎవ్రీ టైమ్ పెంచేస్తున్నారు" అన్నావు. మరి ఆ బిల్డింగు మీటింగుకెళ్ళి ఎందుకని అడగొచ్చు కదా అంటే నవ్వావు. "హూ గోస్ టు దోజ్, నాయనమ్మా? ఇట్స్ జస్ట్ ఎ ఫారమ్. సైన్ చేసి ఇచ్చేశా."

ఆ తర్వాత నువ్వేం చెప్పావో నాకు వినపడలా. ఎక్కడో తలుపు తీసుకుని మా పాత బిల్డింగు ఆపా వచ్చేసింది. వచ్చి నా మంచం పక్కన కూర్చుంది. ఇన్నేళ్ళ తర్వాత, అదే పాత ఊలు స్వెట్టరు వేసుకుని.

నీకూ, మెల్‌బోర్న్ పక్కన పాయింట్ కుక్‌లో ఉన్న మీ అన్నయ్యకీ తెలుగు చదవడం రాదు కదా. అందుకని ఫోన్లోకి ఇలా మాట్లాడి పంపిస్తున్నా. మీ నాన్న ఏదో నొక్కి చేతికిచ్చి బయటికెళ్ళాడు. తాతయ్య పక్క గదిలో పడుకున్నారు, అందుకే నెమ్మదిగా మాట్లాడుతున్నా. రైల్లోనో బస్సులోనో చెవుల్లో పెట్టుకుని వినండి.

అప్పటికి మీరిద్దరూ పుట్టలా. మీ నాన్నకి కొత్తగా వీసా, కొత్తగా ఉద్యోగం, కొత్తగా అప్పు. పారమట్టాలో స్టేషనుకి దగ్గర్లో ఎర్ర ఇటుకల బిల్డింగు ఒకటుంటే అందులో ఒక యూనిట్, అదే మనవాళ్ళ ఫ్లాటు, కొన్నాడు. పక్కనే ఊదాపూల జకరాండా చెట్టు. ఇప్పటికీ మధ్యాహ్నం కునుకు పట్టిందంటే ఆ బిల్డింగు మెట్ల దగ్గరే మెలకువొస్తుంది నాకు. మెలకువొచ్చిందనుకుంటాను, కానీ అదీ కలే. మెట్ల మలుపులో గరుకు గాజు కిటికీ, దాంట్లోంచి చెట్టు రంగు లోపలికి దిగి, మెట్లన్నీ ఊదారంగుగా ఉంటాయి. అక్కడ ఎవరో కిటికీ తుడుస్తూ ఉంటారు.

ఆపాని నేను మొదటిసారి చూసింది అట్లాగే. తెల్ల నూలుచీర, తలమీదుగా కొంగు, పైన మగవాళ్ళ ఊలు స్వెట్టరు. పాత గుడ్డతో గాజు రుద్దుతోంది.

"ఎవరి కిటికీ అండీ తుడుస్తున్నారు?" అన్నాను, మాట కలపడానికి.

"మనదే" అంది. నావైపు తిరక్కుండానే.

తర్వాత తిరిగి చూసి, నా బొట్టూ నా చీరకట్టూ చూసి, "ఏ ఊరు వదినా మీది?" అంది. ఆస్ట్రేలియాలో, ఆ మెట్ల మీద, అచ్చు మన గుంటూరు వైపు తెలుగు.

"బాపట్ల."

"మాది నరసరావుపేట. అయితే పక్కపక్క వాళ్ళమే. పట్టుకో ఈ గుడ్డ, ఆ పైన నాకందడంలా."

అట్లా మొదలైంది. ఆవిడ పేరు చెప్పను, చెప్పినా మీకు తెలీదు. బిల్డింగులో తెలుగువాళ్ళు, తమిళులు, హైదరాబాదువాళ్ళు అందరూ ఆపా అనేవాళ్ళు, అక్క అని. నన్ను మాత్రం మొదటి రోజునుంచీ వదినా అనే పిలిచింది.

ఆవిడకొక అలవాటుండేది. దేనికైనా ముందు 'మన' చేర్చేది. మన మెట్లు. మన గోడ. మన చెత్తడబ్బా. "గుమ్మం దాటితే ఇంకెవరిదో అనుకుంటాం వదినా, అదే మనవాళ్ళ జబ్బు" అనేది. "తాళంచెవి ఉన్నంతవరకే ఇల్లా? పైకి ఎట్లా వస్తావు మరి, ఎగిరా?"

అన్నిటికంటే ముద్దు మన లిఫ్టు. అది ముసలి లిఫ్టు. తలుపు మూసుకునే ముందు కాసేపు ఆలోచించుకునేది. ఎక్కినవాళ్ళంతా విసుక్కుంటుంటే ఆపా ఓపిగ్గా నిలబడి, పైన దిగేటప్పుడు దాని గోడమీద ఎద్దుని తట్టినట్టు తట్టి, "షాబాష్" అనేది. మీ అమ్మ కొత్తకోడలు అప్పుడు. చాటుగా పకపకా నవ్వేది. తర్వాత్తర్వాత మీ అమ్మా తట్టడం మొదలెట్టింది.

ఆపా ఉండేది పై అంతస్తులో, ఒక్కతే. వాళ్ళాయనకి రెండు స్టేషన్ల అవతల మసాలా దినుసుల కొట్టుండేదిట. సాయంకాలం రైలు దిగి ఇంటికొచ్చేవాడు. వాళ్ళ బాల్కనీలోకి స్టేషను చప్పుడు బాగా వినపడేది. రైలు ఆగిన చప్పుడు వినపడగానే ఆపా టీ పెట్టేదిట, ఆయన నడిచొచ్చేసరికి టీ పొంగాలి. ఆయన పోయాక కూడా అది మానలేదు. ఏం మాట్లాడుతున్నా సరే, ఆ వేళకి మాట మధ్యలో ఆపేసి, చూపుడువేలు పైకెత్తేది. కళ్ళు ఎక్కడో ఉండేవి. నేనూ వినేదాన్ని. దూరాన్నుంచి చక్రాలు నెమ్మదించడం, ఆగడం, తలుపులు తెరుచుకున్న గాలి చప్పుడు. అప్పుడు వేలు దించేది.

"వచ్చింది. టీ పెడతా."

రోజంతా వచ్చే రైళ్ళలో ఆ ఒక్కటీ ఎట్లా గుర్తుపట్టేదో నాకిప్పటికీ తెలీదు. రెండు కప్పుల్లో పోసేది. మొదటిసారి రెండోది నా ముందు పెట్టినప్పుడు నా చెయ్యి ముందుకు రాలా.

"తాగు వదినా. ఆయనేమీ అనుకోడు. గుమ్మంలోకొచ్చినవాళ్ళు టీ తాక్కుండా పోతేనే ఆయనకి కోపం."

అల్లం ఎక్కువ, పంచదార ఇంకా ఎక్కువ. ఇప్పుడు డాక్టరు నన్ను ఆ వాసన కూడా చూడనివ్వడులే.

ఇక డబ్బు సంగతికొస్తా. మూడు నెలలకోసారి స్ట్రాటా డబ్బు కట్టాలి కదా, బిల్డింగు బాగోగులకి. అది ప్రతిసారీ పెరిగేది. ఎందుకు పెరిగిందని ఎవరూ అడిగేవాళ్ళు కాదు. మీటింగుకే వెళ్ళనివాళ్ళకి అడగడానికి మొహం ఎక్కడుంది? బిల్డింగు చూసే మేనేజరు ఒకతను ఉండేవాడు, టై కట్టుకుని, చక్కగా నవ్వుతూ. మీటింగుకి వారం ముందు ఇంటింటికీ వచ్చేవాడు. మనమా, ఇంటికొచ్చినవాణ్ణి ఉత్తినే పంపించం కదా. కాఫీ ఇచ్చేదాన్ని, మురుకులు పెట్టేదాన్ని. కమ్మగా తినేవాడు పాపం. లేచేముందు ఒక కాయితం తీసి, మీరు మీటింగుకి రాలేకపోతే మీ బదులు నేను చెయ్యెత్తుతాను, ఇక్కడ సంతకం పెట్టండి అనేవాడు. మీ నాన్న పెట్టేసేవాడు. ప్రతి ఇంట్లోనూ అంతే. మురుకులు పెట్టి సంతకం పెట్టకపోతే బాగోదుగా! ఆ చేతులన్నీ పట్టుకుపోయి అతనే ఎత్తేవాడు, డబ్బు పెంచడానికి.

నువ్వు సైన్ చేసిచ్చానన్న ఫారమ్ అదే తల్లీ.

ఆ ఏడు ఇంకో గొడవ కూడా. రెండువేల సంవత్సరం రాబోతోంది. తారీఖు మారగానే కంప్యూటర్లు తికమకపడి ఆగిపోతాయని ఊరంతా ఒకటే భయం. మీ నాన్న పనీ అదే, బిల్డింగులో మనవాళ్ళ మొగుళ్ళందరి పనీ అదే. శనాదివారాలు కూడా ఆఫీసే. పగలంతా బిల్డింగులో ఆడవాళ్ళమే, తుమ్మెదల్లా.

అప్పుడు నోటీసొచ్చింది. ఏడు మారితే లిఫ్టు కూడా ఆగిపోతుందిట, మొత్తం పీకి కొత్తది పెట్టాలిట. అందుకని మామూలు డబ్బు మీద ఇంకో పెద్ద మొత్తం అందరూ కట్టాలిట.

ఆ సాయంకాలం ఆపా టీ పెట్టింది కానీ తాగలా.

"ఈసారి నావల్ల కాదు వదినా. ఇది గానీ పడితే అమ్ముకుని పోవాల్సిందే."

"మెల్‌బోర్న్‌లో అబ్బాయున్నాడుగా ఆపా. రమ్మంటున్నాడుగా."

"రమ్మంటాడు. మంచిపిల్లాడు. ఆ ఊళ్ళోనూ రైళ్ళుంటాయి." కప్పు అంచు మీద వేలు తిప్పుతూ కూర్చుంది. "ఆ రైళ్ళలోంచి ఈయన ఎప్పుడూ దిగలా."

బాల్కనీలో చీకటి పడుతోంది. ఆపా కప్పు పక్కన పెట్టి అంది, ఏదో చిన్నపిల్ల అడిగినట్టు: "అయినా వదినా, లిఫ్టుకి తేదీతో ఏం పని? దానికి తెలియాల్సింది అంతస్తులేగా?"

ఆ మాట పట్టుకొచ్చి అన్నాల దగ్గర మీ నాన్ననడిగాను. కలుపుతున్న ముద్ద ఆగిపోయింది.

"దానికేం పని లేదనుకుంటానమ్మా. పాతదిగా."

"మరి ఆ మాట వాళ్ళతో చెప్పొచ్చుగా?"

"ఎట్లా చెప్పేది? మా పని అబద్ధం కాదమ్మా, బ్యాంకుల్లో నిజంగానే ఉంది. కానీ మేమూ ఈ భయం చెప్పేగా జీతం తీసుకుంటున్నాం. ఇంకోడు అదే భయం చెప్తే, నువ్వు అబద్ధమాడుతున్నావని నేను లేచి అనాలా?"

మీ అమ్మ మజ్జిగ పోస్తూ, "అనాలి" అంది. మీ నాన్న అన్నం తిని లేచిపోయాడు.

మర్నాడు ఆపా మెట్లమీద ఎదురొచ్చి నన్ను ఆపింది. "మొన్న మీ కోడలి నోముకి ఎంతమంది ఆడవాళ్ళొచ్చారు వదినా! ఇల్లు పట్టలా."

"బొట్టు పెట్టి పిలిచాంగా ఆపా. బొట్టు పెడితే రాకుండా ఉంటారా?"

"మరి మీటింగుకెందుకు పెట్టవు?"

నాకు నవ్వాగలా. "మీటింగుకి బొట్టేంటి ఆపా! ఎవరన్నా వింటే నవ్విపోతారు."

"నవ్వుతూ వస్తే మంచిదేగా. పద. నువ్వు బొట్టు పెట్టు, నేను మాట చెప్తా."

ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ కలో నిజమో తెలీదు. నా చేతిలో కుంకంభరిణె, ఆపా చేతిలో పటికబెల్లం గిన్నె. బొట్టు పెట్టుకోనివాళ్ళకి చేతిలో పటికబెల్లం. ఏ తలుపు తట్టినా లోపల్నుంచి ఒక పోపు వాసన, ఒక పసిపిల్ల ఏడుపు. నుదుట బొట్టు పెడతాను. ఆపా అంటుంది: "శనివారం మధ్యాహ్నం మన లాండ్రీ గదిలో మీటింగు. తప్పకుండా రావాలమ్మా."

"మీటింగుకా ఆంటీ? నేనా?"

"బొట్టు పెట్టేశాంగా మరి."

కరీంనగరమ్మాయి ఒకతుండేది, పిల్లాణ్ణి చంకనేసుకుని తలుపు తీసింది. "గిట్ల బొట్టు వెట్టి పిలిస్తె రాకుంట ఎట్లుంటం ఆంటీ. ఏ చీర కట్టుకోమంటరు?" అంది. కింద లెబనాన్ ముసలావిడ, మా వెనకాలే వచ్చి ఏం జరుగుతోందో చూసి, తనే నుదురు ముందుకు పెట్టింది. ఆవిడకీ పెట్టాను. ఆ బొట్టు చెరక్కుండా చూసుకుందిట శనివారం దాకా!

శనివారం అందరూ వచ్చారు. ఒక్కళ్ళు మానలా. లిఫ్టు దిగుతున్నకొద్దీ పట్టుచీరల గరగర. కొందరు చెట్టుకింద నిలబడి వచ్చారేమో, భుజాలమీద ఊదాపూలు. వాషింగు మిషన్ల మధ్య గుండ్రంగా కూర్చుంటే గదంతా సబ్బు వాసనా, పౌడరు వాసనా. ఆ మేనేజరు లోపలికొచ్చి, తప్పు గదికొచ్చానేమోనని మళ్ళీ బయటికెళ్ళి తలుపు మీద చూసుకుని వచ్చాడు.

కూర్చుని పేర్లు చదవడం మొదలెట్టాడు. ఇళ్ళ యజమానుల పేర్లు. చదువుతున్నాడు, చదువుతున్నాడు, ఆపా తప్ప ఎవరూ పలకడంలా. మిగతావన్నీ మగపేర్లే తల్లీ. వీసాలు వాళ్ళవి, అప్పులు వాళ్ళవి, ఇళ్ళూ వాళ్ళ పేరునే. ఆ మొగుళ్ళేమో ఆఫీసుల్లో తారీఖులు దిద్దుతున్నారు. ఆ పట్టుచీరల్లో ఒక్కళ్ళకీ చెయ్యెత్తే హక్కు లేదు. మన ఇల్లూ మీ నాన్న పేరునే, నాకూ లేదు. వాళ్ళ చేతులన్నీ ఆ మేనేజరు అట్టపెట్టెలో కాయితాలై ఉన్నాయి. వాళ్ళాయన పోయాక ఇల్లు తన పేర మారింది కాబట్టి ఓటున్న ఆడది ఆపా ఒక్కతే.

ఎవరిదో మిషను గిరగిరా తిరుగుతోంది. మేం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటున్నాం. నేను ఆపా మొహం చూడలేకపోయాను. ఆ ఇల్లు అప్పుడే చేజారిపోయినట్టుంది నాకు.

ఆపా కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. "వదినా, పెళ్ళికొడుకుని వదిలేసి ఊరందర్నీ పిలిచాం" అంది. దాంతో కరీంనగరమ్మాయి కిసుక్కుమంది, ఇక గదంతా నవ్వులే. ఏమీ అర్థంకాక ఆ మేనేజరూ నవ్వాడు.

నవ్వులాగాక ఆపా లేచి మూత తీసింది. నేను వండిన గారెలు, తను చేసిన సేమ్యా. ప్లేటులో పెట్టి ముందు అతనికే ఇచ్చింది. అతను తిన్నాడు. ఇంకో గారె వేసింది. అదీ తిన్నాడు. అతను తింటున్నంతసేపూ అందరం అతన్నే చూస్తున్నాం. అప్పుడు తన ఇంగ్లీషులో మెల్లిగా అంది: "నెక్స్ట్ సాటర్‌డే. ఆల్ హస్బెండ్స్ కమ్. దెన్ యూ ఆస్క్. ఓకే బాబూ?"

నోట్లో గారె ఉంది. చుట్టూ అంతమంది ఆడవాళ్ళు. పాపం ఏం చేస్తాడు? "ఓకే" అన్నాడు.

పైకొస్తూ లిఫ్టులో అంది ఆపా: "మన ఇళ్ళల్లో తిని సంతకాలు పట్టుకెళ్ళాడు. మన గదిలో తిని ఒక వారం ఇచ్చిపోయాడు. చెల్లుకి చెల్లు."

ఆ వారం ఏ వంటింట్లో చూసినా అదే మాట. "బ్యాంకుల తారీఖులు గా ఆఫీసోళ్ళు చూస్కుంటరు, నువ్వు ఇంటి సంగతి చూడు" అని కరీంనగరమ్మాయి మొగుణ్ణి అంటుంటే మా బాల్కనీలోకి వినపడింది. మీ అమ్మ ఏమీ అనలా. ఊరికే కూరల్లో ఉప్పు తగ్గించింది.

తర్వాతి శనివారం మొగుళ్ళొచ్చారు. నిక్కర్లలో, నిద్రమొహాల్తో, పెళ్ళాల వెనకాల. స్వయంగా మనిషొచ్చి కూర్చుంటే పాత సంతకం కాయితం చెల్లదని అప్పుడు తెలిసింది మాకు. మేనేజరు లిఫ్టు సంగతి చాలాసేపు చెప్పాడు. చెప్పి, మగవాళ్ళవైపు తిరిగి, "మీరంతా కంప్యూటర్ల వాళ్ళు, నాకంటే మీకే బాగా తెలుసు" అన్నాడు. అందరూ నేల చూస్తున్నారు. మీ నాన్న కూడా.

అప్పుడు ఆపా లేచింది. వారమంతా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు నేర్చుకుంది, నా దగ్గరే అప్పజెప్పింది. "దిస్ ఈజ్ మై హౌస్" అని మొదలెట్టింది. "మై హస్బెండ్..."

అక్కడ ఆగిపోయింది. చూపుడువేలు పైకి లేచింది.

మాకు తెలుసు కాబట్టి ఆడవాళ్ళం కదల్లా. మగవాళ్ళు మమ్మల్ని చూసి కదల్లా. మేనేజరు కలం పట్టుకుని అట్లాగే ఉన్నాడు. సాయంకాలపు ఎండ కిటికీలోంచి వచ్చి తెల్లచీర మీద పడుతోంది. దూరాన చక్రాలు నెమ్మదించాయి. ఆగాయి. తలుపులు తెరుచుకున్నాయి. అందరం విన్నాం తల్లీ. ఎవరో దిగి నడిచొస్తున్నారన్నట్టే విన్నాం.

"వచ్చింది" అంది. మిగతా ముక్కలు మర్చిపోయి కూర్చుండిపోయింది.

మీ అమ్మ మీ నాన్న చెవిలో ఏదో చెప్పింది. ఆ రైలు కథే అయ్యుంటుంది. మీ నాన్న లేచాడు. గొంతు సవరించుకున్నాడు. "లిఫ్టుని బాగుచేసే మనిషి ఎవరైనా వచ్చి చూశారా? ముందు అతను చూసి చెప్పనివ్వండి. ఆ తర్వాత డబ్బడగండి" అన్నాడు. అంతే, అంతకంటే ఏమీ అనలా. చెయ్యెత్తాడు. పక్కన కరీంనగరమ్మాయి మొగుడెత్తాడు. ఇంకొకళ్ళు, ఇంకొకళ్ళు. ఆపా చెయ్యి అందరికంటే ఆఖర్న లేచింది, చుట్టూ చూసుకుని, నెమ్మదిగా.

తర్వాత లిఫ్టు మనిషొచ్చి చూసి నవ్వాడుట. దీనికి తారీఖు చెప్పినా అర్థం కాదు, మరీ పాతది అన్నాడుట. ఏవో రెండు ముక్కలు మార్చి, నూనె వేసి పోయాడు.

కొత్తేడు మొదటి రోజు పొద్దున్నే ఆపా మా తలుపు కొట్టింది. "రా వదినా." ఇద్దరం లిఫ్టెక్కాం. పైకెళ్ళాం, కిందికొచ్చాం, మళ్ళీ పైకెళ్ళాం. తలుపు ఎప్పట్లాగే కాసేపు ఆలోచించుకుంది. ఆపా గోడమీద తట్టింది. "పాపం, ఏడు మారిందని దీనికెవరూ చెప్పలా. షాబాష్."

ఆ తర్వాత డబ్బు పెరగలేదని కాదు. పైకప్పు కారిందనీ, గోడలకి రంగులనీ పెరిగింది. కానీ అడిగి, చెప్పించుకుని, మన చేతుల్తో మనం ఎత్తితే పెరిగింది. ఆపా తట్టుకోగలిగినంతే పెరిగింది. మీ అన్నయ్య పుట్టాక మనం ఈ ఇంటికొచ్చేశాం. ఆవిడ మాత్రం అక్కడే ఉంది, ఆఖరిదాకా. అబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. ఎక్కడికీ పోనక్కర్లేకుండానే పోయింది, ఆ బాల్కనీలో, కుర్చీలో.

నువ్వు ఫారమ్ ఇచ్చేశానన్నావు. ఇస్తే ఇచ్చావులే. మనిషెళ్ళి కూర్చుంటే ఆ కాయితం చెల్లదని మేం విన్నాం. మీ వైపు కూడా అంతేనేమో కనుక్కో. మీ బిల్డింగులో కూడా ఏ పై అంతస్తులోనో ఒకావిడ ఉండే ఉంటుంది చిన్నీ. ఆవిడ దేనికోసం చెవులొగ్గుకుని కూర్చుందో మనకేం తెలుసు?

కుంకంభరిణె ఒళ్ళోనే పెట్టుకున్నాను. పెర్త్ దాకా నా చెయ్యందదు. అందుకని నువ్వే ఓసారి కళ్ళు మూసుకుని, నుదురు కాస్త ముందుకు పెట్టు. ఆ, అట్లా.

మీటింగుకి తప్పకుండా రావాలమ్మా.